తరుగు పోను

పిల్లిగద్దలను లెక్కపెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పగలంతా అవి పొలాల మీద తలో దిక్కున తిరుగుతాయి. చీకటి పడేముందు అన్ని వైపుల నుంచీ వచ్చి ఒకే బీడులో దిగుతాయి. చెట్లెక్కవు, నేల మీద గడ్డిలోనే పడుకుంటాయి. దిగాక ఇక కనిపించవు. అందుకని వచ్చేటప్పుడే లెక్కపెట్టాలి. ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి నిలబడాలి. ఒకరిది తూర్పు సగం, ఇంకొకరిది పడమటి సగం. తన సగంలోంచి వచ్చినవే లెక్క. రెండో మనిషి వైపు తల తిప్పకూడదు, చీకటి పడేదాకా మాట్లాడకూడదు. ఇవి మా ఆవిడ పెట్టిన నియమాలు. పడమర ఆమెది. తూర్పు నాది.

ఆమె జంతుశాస్త్రం చెప్పేది. తొంభైల మొదట్లో కుప్పంలో, ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం. నేను పుంగనూరులో హైస్కూలు తెలుగు పండితుణ్ణి. పెళ్లయిన తొలి ఏళ్లన్నీ పలమనేరు బస్టాండులోనే గడిచిపోయాయని అనుకునేవాళ్లం. శనివారం సాయంత్రం ఎవరో ఒకరం అక్కడ బస్సు మారాలి. ఒకసారి నేను కుప్పం పోయినప్పుడు శాంతిపురం దాటి ఒక చెనిక్కాయల చేను దగ్గరికి తీసుకుపోయి చూపించింది. కాయ పీకేసిన చేను మీద, నడుమెత్తులో, ఒక బూడిదరంగు గద్ద తేలుతూ పోతోంది. రెక్కలు దాదాపు ఆడించడం లేదు.

“ఇది మన గద్ద కాదు,” అంది. “హిమాలయాలకు అవతల నుంచి వస్తుంది. శివరాత్రి దాటాక పోతుంది.”

తొంభైల మధ్యలో ఆమెకు పుంగనూరుకు బదిలీ అయింది. ఆ చలికాలమే చెరువు దొరికింది. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డులో బస్సు దిగి, పొలాల్లోంచి నడిచిపోవాలి. చెరువుకు ఎగువన, నీళ్లు ఎక్కని మెట్టలో మోకాలెత్తు బోదగడ్డి ఉండేది. గద్దలు దిగేది అందులోనే. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ప్రతి ఆదివారం మేము అక్కడికి పోయేవాళ్లం. లెక్కను నెలకోసారి పోస్టులో బెంగళూరుకు పంపేది. దేశంలో ఎక్కడెక్కడో ఇలాంటి బీడుల దగ్గర నిలబడేవాళ్ల లెక్కలన్నీ అక్కడ కలిపేవారు.

నాకు పక్షుల మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. ఆమె పోతుంది కాబట్టి పోయేవాణ్ణి. ఓ గంటసేపు భార్యకు వీపు పెట్టి మాట్లాడకుండా నిలబడటం కష్టమైన పని కాదు. ఆమె అక్కడ ఉందని వీపుకు తెలుస్తుంది.

ఆమె తండ్రిది మదనపల్లెలో టమాటా మండీ. లారీల దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టడం ఆయన వయసంతా చేసిన పని. కూతురు గద్దల పనిలో పడిందని తెలిసినప్పుడు నేను కూడా పక్కనే ఉన్నాను.

“ఏంది పాపా, గద్దల్ని లెక్కపెడతాండావంట?”

“అవు నాయనా.”

“కోడిపిల్లల్ని ఎత్తకపోయే జాతి. దానికి లెక్కేంది?”

“ఇవి కోడిపిల్లల్ని ముట్టవు. మిడతల్ని తింటాయి, ఎలకల్ని తింటాయి.”

“అట్లయితే కూలి లేకుండా పని జేస్తాండాయన్నమాట. మా యార్డులో హమాలీలకు జెప్పు ఈ సంగతి.” ఆయన నా వైపు తిరిగారు. “నువ్వేం జేస్తావు అల్లుడూ ఆడ?”

“తూర్పు చూస్తా మామా.”

“బాగుండాది. సదువుకున్నోళ్లు ఇద్దురు, ఒకురు తూర్పు జూస్తారు, ఒకురు పడమర జూస్తారు. సంసారం ఎవురు జూస్తారు?”

అలా ఎగతాళి చేసిన మనిషే ఏడాది తిరక్కుండా ప్రతి సోమవారం పొద్దున ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేయడం మొదలుపెట్టారు. మా పక్కింట్లో ఫోనుండేది. “నీ పక్క ఎన్నొచ్చినాయి పాపా?” అని అడిగేవారు. నా పక్క ఎన్నో ఎప్పుడూ అడగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆమెకు రొమ్ములో గడ్డ కనిపించింది. బెంగళూరుకు ఏడాదిపైగా తిరిగాం. వానాకాలం చివర్లో ఆమె పోయింది. కాలేజీలో సంతాపసభ పెట్టారు. ఆమె కూడా ఒక వలస పక్షి అనీ, తన చోటికి తాను ఎగిరిపోయిందనీ ఒకరు మాట్లాడారు. మంచి మనసుతోనే అన్నారు. అలంకారాలు పిల్లలకు చెప్పి చెప్పి నాకు వాటి మీద నమ్మకం పోయింది. ఆమె ఎగిరిపోలేదు. ఆసుపత్రి మంచం మీద, ఊపిరాడక, నీళ్లు అడిగి పోయింది. వలస పక్షులు మళ్లీ వస్తాయి.

ఆ చలికాలం చెరువు దగ్గరికి పోవాలని నాకు లేదు. బడికి పోయి వచ్చి, అన్నం వండుకుని, పడుకోవడమే పెద్ద పనిగా ఉండేది. కార్తీకంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మామ వచ్చారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టమాటాల సంచి. చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడ్డారు.

“గద్దలొచ్చినాయా?”

“తెలీదు మామా. నేను పోలేదు.”

“పోదాం పా. పాప యాడ నిలబడేదో నాకు జూపీ.”

చూపించాను. గట్టు మీద ఒక చదునైన బండ. ఆయన దాని మీద నిలబడి, గొడుగు పక్కన పెట్టి, పడమరకు తిరిగారు. నియమాలు చెప్పాను. తలూపారు. వీపు పెట్టి నిలబడితే వెనక ఉన్నది వేరే మనిషని తెలుస్తూనే ఉంది. ఆయన ఊపిరి గట్టిగా వినిపించేది. నోట్లో ఏదో గొణుక్కునేవారు.

చీకటి పడ్డాక నా లెక్క నేను చెప్పాను. ఎప్పుడూ వచ్చే మాదిరే ఉంది. ఆయన కాసేపు పెదాలు కదిలించి, “అరవై మూడు,” అన్నారు. “పాప ఉన్నప్పుడు ఎన్నొచ్చేవి?”

“ఆ పక్క డెబ్బై దాకా వచ్చేవి.”

“ఇంకా కొన్ని దారిలో ఉండాయేమో.”

దారిలో ఉన్నవి రాలేదు. ఆ చలికాలమంతా ఆయన ఆదివారం బస్సుకు వస్తూనే ఉన్నారు. ఆ బండ మీద నిలబడుతూనే ఉన్నారు. నా పక్క లెక్క పెద్దగా మారలేదు. ఆయన పక్క మాత్రం ఆమె చెప్పే లెక్కకు ఎప్పుడూ ఏడెనిమిది తక్కువే. మరుసటి ఏడు వానల్లేవు. చెరువు ఎండి బీటలు వారింది. అయినా గడ్డి ఉంది కాబట్టి గద్దలు వచ్చాయి. కరువుకు నా పక్క కొంచెం తగ్గాయి, ఆయన పక్క ఇంకా తగ్గాయి.

“నీ పక్క వస్తాండాయి సూడు,” అన్నారు ఒక సాయంత్రం. రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉన్నాం. “పాప పక్కనే రావడం లే.”

“కరువు మామా. చెనిక్కాయ తీసేసి అందరూ టమాటా పెడతాండారు. వారానికోసారి మందు కొడితే మిడతలు యాడ మిగుల్తాయి?”

“ఆ మందు నీ పక్క కొట్టడం లేదా?”

ఆయన జవాబు కోసం అడగలేదు. ఆ మాట ఆయనలో స్థిరపడిపోయింది. పెళ్లిళ్లలో, కర్మాంతరాల్లో బంధువులకు చెప్పేవారు, మా పాప పోయినాక ఆ పక్షులు కూడా ఆ పక్క రావడం తగ్గించినాయని. వాళ్లు అయ్యో అనేవారు. మనిషి చిక్కిపోతూ వచ్చారు. అత్తమ్మ ఎప్పుడో పోయింది. మండీ కొడుకు చేతికి వచ్చేసింది. ఆయన కోడలు ఒకసారి నాకు ఫోను చేసింది.

“అన్నా, ఆడికి వచ్చిపోయిన దినం మామ అన్నం ముట్టడం లే. గోడకల్లా తిరిగి పండుకుంటాండాడు. వద్దంటే ఇనడు. నువ్వన్నా జెప్పు, ఆ గద్దలు వద్దని.”

చెప్పి చూశాను. “నువ్వు రావద్దులే, నేనొక్కణ్ణే జూస్తా,” అన్నారు. తూర్పు ఎవరు చూస్తారని అడిగితే తూర్పుతో తనకు పనిలేదన్నారు.

చూపు తగ్గిందేమోనని నాకు అనుమానం వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఎదురుగా దిగిపోయే పొద్దు. మదనపల్లెలోనే కంటి డాక్టరుకు చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నాడు. ఒక కంటి తర్వాత ఒక కంటికి ఆపరేషను చేయించాం. నల్లద్దాలు పెట్టుకుని ఆయన, “బస్సు బోర్డు బైరెడ్డిపల్లెదో బెంగళూరుదో ఈడ నుంచే సదువుతాండా,” అని సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డాను. ఆ తర్వాతి ఆదివారం చెరువు దగ్గర, కొత్త కళ్లతో, ఆయన చెప్పిన లెక్క మళ్లీ అంతే తక్కువ. ఇక కళ్ల మీద వంక పెట్టడానికి కూడా లేదు.

మూడో ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. సంక్రాంతి పోయాక నీళ్లు కొంచెం తగ్గి అంచున బురద తేలింది. ఆ బురదలో ఎర్రకాళ్ల కొంగలు బారుగా నిలబడి ఉన్నాయి. ఆ రోజు మేము తొందరగా చేరుకున్నాం. గద్దలు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. గట్టు మీద కూర్చుని మరమరాలు తింటూ, ఊరికే మాట కోసం అడిగాను.

“ఎన్ని ఉంటాయి మామా ఆ కొంగలు?”

ఆయన వేలెత్తి ఎడమ చివర నుంచి మొదలుపెట్టారు. మండీవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. “లాభం, రెండు, మూడు...” వేలు ఒక్కొక్క కొంగ మీదికీ జరుగుతోంది. నేను కూడా లోపల లెక్కపెడుతూ పోయాను. కొంగలు కదల్లేదు. “నలభై తొమ్మిది, యాభై.” కుడి చివర వేలు ఆగింది. పెదాలు కదిలాయి. తర్వాత గొంతు పెంచి, “నలభై ఐదు,” అన్నారు.

“యాభై అన్నారు గదా మామా, ఇప్పుడే.”

“అవు, యాభై.”

“మరి నలభై ఐదంటిరే?”

“తరుగు పోను.” ఏమీ తెలియనివాణ్ణి చూసినట్టు చూశారు. “తరుగు పోవద్దా?”

మండీలో పెట్టెలు దిగినప్పుడు చితికినవీ కుళ్లినవీ ఉంటాయని పదికి ఒకటి ముందే తీసేస్తారు. దాన్ని తరుగంటారు. రైతు పక్కనే నిలబడి గొణుగుతూనే ఉంటాడు. లెక్కపెట్టే మనిషి నిండు లెక్కను నోట్లోనే ఉంచుకుని, తరుగు పోగా మిగిలిందే పైకి చెప్పాలి. నలభై ఏళ్లు ఆయన నోటి నుంచి నిండు లెక్క బయటికి రాలేదు. లెక్క తప్పడం వేరు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.

“కొంగలకు తరుగేంది మామా?” అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. “నాలిక అట్ల తిరిగిపోయినాది నాయనా. కొంగలు గూడా కుళ్లిపోతాయనుకున్నెట్టుండా.” మరమరాల పొట్లం మీదికి వంగారు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి పొట్లంలోనే ఉండిపోయింది.

“గద్దలకు గూడా ఇట్లనే జెప్తాంటినా?”

“అట్లనే అనుకుంటా మామా.”

“మొదట్నుంచీ?”

“మొదటి వారం అరవై మూడు అన్నారు. అంటే డెబ్బై.”

“పాప ఉన్నప్పుడు వచ్చినన్ని.”

“అన్నే.”

ఆయన ఊరట పడతారని అనుకున్నాను. ఇన్నాళ్లు ఆయనను తినేసిన మాటకు ఆధారమే లేదని తేలింది. కరువు ఏడు తప్ప గద్దలు తగ్గలేదు, ఏ పక్కా తగ్గలేదు. ఆయన ముఖంలో ఊరట కనిపించలేదు. లేచి గొడుగు తీసుకున్నారు. బండ ఎక్కలేదు. గట్టు దిగి రోడ్డు వైపు నడిచిపోయారు. నేను పిలిచినా తిరగలేదు. గద్దలు రావడం మొదలుపెట్టాయి. నా సగం నేను చూశాను. వీపు వెనక ఎవరూ లేరు.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. రెండో శనివారం బడి లేదు, మదనపల్లె పోయాను. యార్డులో లారీల మధ్య దారి లేదు. కాళ్ల కింద టమాటాల గుజ్జు. మామ తమ మండీ ముందు బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉన్నారు. కొడుకు లారీ దగ్గర పెట్టెలు దించుతున్నాడు. నన్ను చూసి ఇంకో పెట్టె కాలితో ముందుకు జరిపారు. టీ తెప్పించారు. టీ తాగడం అయ్యాక అడిగారు.

“యాల అడిగినావు నాయనా ఆ కొంగల్ని?”

“ఊరికే అడిగినా మామా.”

“అడగకుండా ఉండాల్సింది.” గ్లాసు కింద పెట్టారు. “తగ్గినాయి అనుకున్నెన్ని దినాలు నాకు అదొక తోడు మాదిరి ఉండింది. నా బిడ్డ పోయిందని ఎవురికో తెలిసినెట్టు. ఈడ మండీలో ఒక మనిషి పోతే ఆ పూట షట్టరు దించుతారు. హమాలీ పోయినా దించుతారు. అవి అది గూడా చెయ్యలే. ఎప్పుడూ వచ్చినన్నే వచ్చి, తిని, పండుకుని పోయినాయి.”

లారీ దగ్గర కొడుకు ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నాడు. ఆమె పోయిన ఏడాది చివర్లో బడికి పోయే దారిలో నాకూ అదే అనిపించిందని చెప్పవచ్చు. టీకొట్టు తెరిచే ఉందనీ, బస్సు ఏడున్నరకే వచ్చిందనీ కోపం వచ్చేది. చెప్పలేదు. దాని బదులు ఉన్న సంగతి చెప్పాను.

“రెండు వారాలు నేనొక్కణ్ణే పోయినా మామా. పడమర చూసేవాళ్లు లేరు.”

“మరి లెక్కెట్ట రాసినావు?”

“తూర్పు రాసినా. పడమరకు గీత కొట్టినా.”

ఆయన తలెత్తారు. “గీత కొట్టినావా?”

“చూడకుండా ఎట్ట రాసేది?”

“పాప పక్కకి గీత కొట్టినావా!” పెట్టె మీది నుంచి లేచారు. పక్క మండీవాళ్లు తిరిగి చూశారు. “గీత అంటే ఏమని సదువుకుంటారయ్యా ఆ బెంగళూరోళ్లు? సరుకు రాలేదని గదా? డెబ్బై వచ్చే తావులో సరుకు రాలేదని రాసి పంపితివా? సదువు జెప్పే మనిషివేనా నువ్వు?”

“ఇంకా పంపలేదు మామా.”

“పంపొద్దు.” రొప్పుతున్నారు. “ఆదివారం వస్తా. బస్సు కాడికి రా.”

వచ్చారు. ఆ సాయంత్రం చలి ఎక్కువగా ఉంది. మఫ్లరు చెవులకు చుట్టుకుని బండ ఎక్కారు. నా పక్క గద్దలు ఆలస్యంగా వచ్చాయి. ముందు గోధుమరంగు ఆడవి, తర్వాత ఒకటీ రెండూ బూడిదరంగువి. ఒక్కొక్కటీ బీడు మీద రెండు చుట్లు తిరిగి గడ్డిలోకి జారిపోతోంది. వెనక ఆయన గొణుగుడు వినిపిస్తూనే ఉంది. ఈసారి ప్రతి అంకె నాకు వినిపించింది. వినకూడదు, వింటే నా లెక్క పోతుంది. రెండుసార్లు పోయింది కూడా.

చీకటి పడ్డాక నా సంఖ్య చెప్పాను. ఆయన వెంటనే చెప్పలేదు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను. ఆ ఎదురుచూడటంలో నాకు ఒకటి అర్థమైంది. ఆయన మళ్లీ తరుగు తీసి అరవై ఐదు అని చెబితే నేను అరవై ఐదే రాసుకునేవాణ్ణి. డెబ్బై దాటిందని చెవులారా విన్నాను, అయినా రాసుకునేవాణ్ణి.

“డెబ్బై రెండు,” అన్నారు.

రాసుకున్నాను.

“పాప ఉన్నప్పటికంటే రెండు ఎక్కువే.”

“అవును మామా.”

ఆయన బండ దిగలేదు. బీడు వైపే చూస్తున్నారు. అక్కడ కనిపించేదేమీ లేదు.

“ఎన్నేండ్లు బతుకుతాయి ఇవి?”

“పదేండ్లు, పన్నెండేండ్లు అని ఆమె చెప్పేది. చాలావరకు అంతకుముందే పోతాయంట.”

“అయితే ఈ పొద్దు వచ్చినాటిలో సగం కొత్తవే అయ్యుంటాయి. పాప ఉన్నెప్పుడు పుట్టనే లేదు.”

“అయ్యుండచ్చు.”

“వాటిది తప్పేం లే,” అన్నారు.

దిగడానికి చెయ్యి చాచారు. పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. గట్టు దిగేదాకా వదల్లేదు. ఆఖరి బస్సు పోతుందేమోనని ఇద్దరం రోడ్డు వైపు తొందరగా నడిచాం.